తొంభై రోజుల లెక్క

2024 మే 27. మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ కదా అని అక్కా వాళ్ళింటికి వెళ్ళాను. డాలస్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో లాంగ్ వీకెండ్ ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. పెరట్లో గ్రిల్ మీద చికెన్, హాల్లో టీవీ ముందు ఆంధ్రా ఎన్నికల మీద పందేలు. ఇంకో వారంలో కౌంటింగ్. అందరూ అరుచుకుంటుంటే బావ ఒక్కరే గరాజ్‌లో కూర్చుని కాగితాలు తిరగేస్తున్నారు.

"ఏంటి బావా, అందరూ అక్కడుంటే మీరిక్కడ?"

"డబ్బులు రావాలిరా. 61,400 డాలర్లు."

బావ ఒకప్పుడు మా లాగే సాఫ్ట్‌వేర్. గ్రీన్‌కార్డు రాగానే ఉద్యోగం మానేసి ఫ్లోరింగ్ బిజినెస్ పెట్టారు. ఆరుగురు పనివాళ్ళు, రెండు వ్యాన్లు. అంత చిన్న కంపెనీకి 61 వేల డాలర్లు ఆగిపోయాయంటే వచ్చే నెల జీతాలకి క్రెడిట్ కార్డు గీకాల్సిందే. అప్పటికే గీకుతున్నారని అక్క తర్వాత చెప్పింది.

సంగతేంటంటే, టెక్సాస్‌లోనే ఒక సైనిక స్థావరంలో పాత బ్యారక్స్ బాగుచేసే పని. ఫెడరల్ గవర్నమెంట్ కాంట్రాక్ట్. ఒక పెద్ద కంపెనీ తీసుకుంది, దాన్ని ప్రైమ్ కాంట్రాక్టర్ అంటారు. ప్రైమ్ ఆ పనిలో లోపలి ఫినిషింగ్ అంతా ఇంకో కంపెనీకి ఇచ్చింది. ఆ సబ్‌కాంట్రాక్టర్ అందులో ఫ్లోరింగ్ ముక్క బావకి ఇచ్చాడు. మార్చి 6న ఆఖరి గది పూర్తి చేసి, ఇన్‌వాయిస్ పంపించి వచ్చేశారు. మొదట్లో "నెక్స్ట్ వీక్" అన్నాడు సబ్‌కాంట్రాక్టర్. తర్వాత "ప్రైమ్ నుంచి రాలేదు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

"ప్రైవేట్ బిల్డింగ్ అయితే లీన్ వేసేవాణ్ణి. గవర్నమెంట్ ఆస్తి మీద వేయడానికి లేదు. దానికి బదులు బాండ్ ఉంటుందట, 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలట. ఏప్రిల్ 18న వెళ్ళి రెండు గదుల్లో లేచిపోయిన పలకలు సరిచేసి వచ్చాం. అక్కణ్ణుంచి 90 రోజులంటే జూలై 17. టైముందిలే," అన్నారు బావ.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను పనిచేసే కంపెనీ కాంట్రాక్టర్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అందులో నా వాటాకి వచ్చింది రిమైండర్ల మాడ్యూల్. ఫలానా పనికి ఫలానా తేదీలోపు నోటీసు పంపకపోతే హక్కు పోతుంది అని ఎర్ర అక్షరాల్లో చూపించే డబ్బా అన్నమాట. స్పెసిఫికేషన్‌లో ఒక లైన్ ఉండేది. చేసిన పనిలో తప్పులు సరిదిద్దడానికి వెళ్ళిన తేదీని "ఆఖరి పని తేదీ"గా తీసుకోవద్దు అని. నేను దానికో కండిషన్ రాసి, టెస్ట్ కేస్ పాస్ అయ్యిందని చూసుకుని, టికెట్ మూసేశాను. ఎందుకు అని ఎవర్నీ అడగలేదు. మనం అడగం కదా.

"బావా, ఏప్రిల్ 18న చేసింది కొత్త పనా, రిపేరా?"

"రిపేరేరా. పంచ్‌లిస్ట్‌లో రాశారు."

"అయితే లెక్క మార్చి 6 నుంచే."

ఫోన్‌లో వేసి చూపించాను. మార్చిలో 25, ఏప్రిల్‌లో 30, మేలో 27. ఆ రోజు 82వ రోజు. గడువు జూలై 17 కాదు, జూన్ 4. ఎనిమిది రోజులుంది. బావ మొహం చూడలేక నేను వెళ్ళి చికెన్ తిప్పాను.

ఆ రాత్రి ఇంటికి వచ్చాక, ఏడాదిగా నేను కోడ్ రాస్తున్న చట్టాన్ని మొదటిసారి చదివాను. దాని పేరు మిల్లర్ యాక్ట్. 1935లో వచ్చింది. ఆర్కన్సా నుంచి కాంగ్రెస్‌లో ఉన్న జాన్ మిల్లర్ పేరు మీద అలా పిలుస్తారు. అంతకుముందు 1894 నుంచి హెర్డ్ యాక్ట్ అని ఒకటి ఉండేది. అందులో బాండ్ ఒక్కటే. ముందు గవర్నమెంట్ తన నష్టం రాబట్టుకోవాలి, మిగిలితే సిమెంటు అమ్మినవాడికీ కూలి పనివాడికీ. పైగా పనంతా ముగిసి లెక్కలు తేలేదాకా ఆగాలి. అప్పటిదాకా చిన్నవాడు బతికుంటే కదా. మిల్లర్ యాక్ట్ దాన్ని రెండుగా చీల్చింది. పెర్ఫార్మెన్స్ బాండ్ గవర్నమెంట్‌కి, పేమెంట్ బాండ్ కింద పనిచేసినవాళ్ళకి. చట్టం ప్రకారం లక్ష డాలర్లు దాటిన ఫెడరల్ నిర్మాణాలకి వర్తిస్తుంది. మామూలుగా పేమెంట్ బాండ్ విలువ మొత్తం కాంట్రాక్ట్ విలువంత ఉండాలి.

అసలు బాండ్ ఎందుకంటే, అప్పు ఇచ్చినవాడికి ఏదో ఒకటి పట్టుకోవడానికి ఉండాలి. ప్రైవేట్ ఇల్లు కట్టి డబ్బులు రాకపోతే ఆ ఇంటి మీదే లీన్ వేయొచ్చు. అది తేలేదాకా ఓనరు దాన్ని అమ్ముకోవడం కష్టం. సైనిక బ్యారక్‌ని అలా పట్టుకోలేం. ఆ కాళీని పూడ్చడానికి పూచీకత్తు. ప్రైమ్ డబ్బులివ్వకపోతే నేనిస్తాను అని ఒక ష్యూరిటీ కంపెనీ రాసిచ్చే కాగితం అది. చాలామంది దీన్ని ఇన్సూరెన్స్ అనుకుంటారు. నేనూ అనుకున్నా. ఇన్సూరెన్స్‌లో కంపెనీ కట్టేసి ఊరుకుంటుంది. ష్యూరిటీ అలా కాదు, మనకి కట్టి, ప్రతి డాలరూ ప్రైమ్ దగ్గర వసూలు చేసుకుంటుంది. చాలాసార్లు ఆ కంపెనీ ఓనర్ల దగ్గర సొంత హామీ కూడా ముందే రాయించుకుంటుంది. మన ఊళ్ళో బ్యాంకు లోనుకి మావయ్య షూరిటీ సంతకం పెడతాడు చూడండి, అలాంటిదే. కాకపోతే ఈ మావయ్య ఫీజు తీసుకుంటాడు, తర్వాత ఇంటికొచ్చి కూర్చుంటాడు.

ఈ బాండ్ అందర్నీ కాపాడదు. ప్రైమ్‌తో నేరుగా ఒప్పందం ఉన్నవాళ్ళకి కవర్ ఉంది, వాళ్ళకి 90 రోజుల నోటీసు కూడా అక్కర్లేదు. సబ్‌కాంట్రాక్టర్‌తో ఒప్పందం ఉన్నవాళ్ళకి, అంటే బావలాంటి వాళ్ళకి, నోటీసు ఇస్తేనే కవర్. ఇంకా కిందకెళ్తే ఏమీ లేదు. బావకి జిగురు, అండర్‌లేమెంట్ సప్లై చేసిన షాపతనికి బావ ఇంకా 7 వేల డాలర్లు ఇవ్వాలి. ఆ జిగురు కూడా అదే బ్యారక్ నేలలో ఉంది. కానీ అతనికి బాండ్ మీద హక్కు లేదు, అతని దిక్కు బావే. ఈ సంగతి చెప్పినప్పుడు బావ ఏమీ అనలేదు. మర్నాడు అతనికి కార్డు మీద కట్టేశారని తెలిసింది. నాకైతే చట్టం గీసిన ఆ గీత న్యాయంగా అనిపించలేదు. ఎక్కడో ఒకచోట గీయాలి అంటారు, నిజమే. అయినా ఎప్పుడూ అట్టడుగున ఉన్నవాడి పైనే గీస్తారు.

రెండో తప్పు మంగళవారం బయటపడింది. లాయర్ దగ్గరికి నేనూ వెళ్ళాను. (నాది హెచ్-1బీ, బావ కంపెనీలో పనిచేయకూడదు. బామ్మర్దిగా పక్కన కూర్చోవడానికి వీసా అడగరనే ధైర్యం.) "నోటీసు ఎవరికైనా పంపారా?" అని అడిగిందావిడ. బావ గర్వంగా నాలుగు ఈమెయిల్స్ చూపించారు. నాలుగూ సబ్‌కాంట్రాక్టర్‌కే. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. నోటీసు వెళ్ళాల్సింది డబ్బు ఎగ్గొట్టినవాడికి కాదు, ప్రైమ్‌కి. ఎందుకంటే ప్రైమ్‌కి బావ అనే మనిషి ఉన్నట్టే తెలియకపోవచ్చు. సబ్‌కి మొత్తం ఇచ్చేశాం, అంతా బాగుంది అనుకుంటూ ఉండొచ్చు. 90 రోజుల్లో చెబితే సబ్‌కి ఇంకా ఇవ్వాల్సింది ఆపుకుంటారు. నోటీసు అసలు ఉద్దేశం అదీ.

రిపేర్ తేదీ గురించి నేను చెప్పింది సరే అంది. "ఆ తేదీ మీద వాదించే కేసులు ఉంటాయి. కానీ చేతిలో రోజులు ఉండగా ఆ వాదన మీద ఆధారపడటం దేనికి?" అని కూడా అంది. ఇంకో విషయం కూడా చెప్పింది, అది నా కోడ్‌లో లేదు. పోస్ట్ చేసిన తేదీ కాదు, చేరిన తేదీనే చూసే కోర్టులు ఉన్నాయట. నా మాడ్యూల్ 90వ రోజు ఉదయం కూడా "ఈరోజు పంపండి" అని పచ్చగా చూపిస్తుంది. ఆ వారం ఆఫీసులో నేను తెరిచిన మొదటి టికెట్ అదే. మేనేజర్ ప్రయారిటీ ఎంత పెట్టాలి అని అడిగితే అందరికంటే పైన పెట్టమన్నాను. అతను వింతగా చూశాడు.

నోటీసు ఏమంత పెద్ద కాగితం కాదు. ఎవరికి పని చేశాం, ఎంత రావాలి. ఈ రెండూ సరిగ్గా ఉండాలి. చేరినట్టు మూడోవాళ్ళ దగ్గర రాతపూర్వక రుజువు దొరికే పద్ధతిలో పంపాలి. గురువారం సాయంత్రం లాయరే ఓవర్‌నైట్ కొరియర్‌లో ప్రైమ్ హెడ్డాఫీసుకి ఒకటి, సర్టిఫైడ్ మెయిల్‌లో ఒకటి పంపింది. శుక్రవారం మధ్యాహ్నం ట్రాకింగ్ చూస్తే: డెలివరీ కాలేదు, ఆఫీసు మూసి ఉంది. శనివారం లేదు, ఆదివారం లేదు. ఆ రెండు రోజులూ బావ ట్రాకింగ్ పేజీని రిఫ్రెష్ చేస్తూనే ఉన్నారు. అక్క ఫోన్ లాక్కుని బియ్యం డబ్బాలో దాచిందట.

జూన్ 3, సోమవారం. ఉదయం 10:40కి డెలివర్డ్ అని వచ్చింది. సంతకం కూడా ఉంది. 89వ రోజు. ఆ రాత్రే ఆంధ్రాలో ఓట్ల లెక్కింపు. డాలస్ మొత్తం తెల్లవార్లూ మేలుకుంది. బావ మాత్రం పదింటికే పడుకున్నారు. ఎవరు గెలిచారో పొద్దున లేచాక అక్క చెబితే తెలిసింది.

నోటీసు చేరితే డబ్బు వచ్చేసినట్టు కాదు. సినిమా అక్కడితో అయిపోతుంది, కేసు అక్కడ మొదలవుతుంది.

ముందు బాండ్ కాపీ కావాలి. ఏ ష్యూరిటీ రాసిందో, బాండ్ నంబరెంతో తెలియకుండా ఎవర్ని అడుగుతాం? సరుకో పనో ఇచ్చాను, డబ్బు రాలేదు అని అఫిడవిట్ ఇస్తే కాంట్రాక్ట్ ఇచ్చిన ప్రభుత్వ శాఖ బాండ్ కాపీ ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఇచ్చారు. ష్యూరిటీకి క్లెయిమ్ పంపితే వాళ్ళ ఫారం వచ్చింది. ఒప్పందం, ఇన్‌వాయిస్‌లు, డెలివరీ టికెట్లు, రోజువారీ లాగ్‌లు, ఇప్పటిదాకా ముట్టిన డబ్బు లెక్క, అన్నీ కావాలన్నారు. బావ రోజువారీ లాగ్‌లు సగం వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి, స్పానిష్‌లో. రెండు ఆదివారాలు కూర్చుని వాటిని తేదీలవారీగా పేర్చాను. ఒక మెసేజ్‌లో పనివాడు మార్చి 6 సాయంత్రం ఖాళీ గది ఫోటో పెట్టి బొటనవేలు ఎమోజీ పెట్టాడు. మా దగ్గరున్న సాక్ష్యాలన్నింట్లో అదే గట్టిది అంది లాయర్.

ప్రైమ్ వాళ్ళ మొదటి జవాబు: మేం సబ్‌కాంట్రాక్టర్‌కి పూర్తిగా ఇచ్చేశాం. వినడానికి న్యాయంగానే ఉంది కదా? ఒకే పనికి రెండుసార్లు ఎందుకివ్వాలి? మిల్లర్ యాక్ట్ కింద ఆ జవాబు చెల్లదు. నోటీసు సరిగ్గా అందితే ప్రైమ్ రెండోసారైనా కట్టాల్సిందే, కట్టి ఆ సబ్ వెంట పడాలి. అందుకే తెలివైన ప్రైమ్‌లు సబ్ పేరూ కింది వాడి పేరూ కలిపి జాయింట్ చెక్కులు రాస్తారు. ఇద్దరూ సంతకం పెడితేనే మారుతుంది.

తర్వాత మౌనం. ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్. "రివ్యూలో ఉంది" అనే మెయిల్ నెలకొకటి. దీనికీ ఒక గడియారం ఉంది. ఆఖరి పని రోజు నుంచి 90 రోజులు గడిచాకే దావా వేయగలం, ఏడాదిలోపు వేసేయాలి. అంటే 2025 మార్చి 6 ఆఖరు. ష్యూరిటీతో మర్యాదగా మెయిళ్ళు నడుస్తున్నాయి కదా అని ఆ తేదీ దాటబెట్టుకుని దెబ్బతినేవాళ్ళు ఉంటారు, జాగ్రత్త అంది లాయర్. మాటలు నడుస్తున్నంత మాత్రాన గడువు ఆగదు. డిసెంబర్‌లో 45 వేలకి సెటిల్ చేసుకుంటారా అని అడిగారు. జనవరిలో లాయర్ దావా కాగితం తయారుచేసి డ్రాఫ్ట్ పంపింది.

దాని మొదటి లైన్ చదివి బావ నాకు ఫోన్ చేశారు. ఈ చట్టం కింద దావా అమెరికా ప్రభుత్వం పేరు మీదే వేస్తారు. "యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా" అని రాసి, "ఫలానా వారి ప్రయోజనం కోసం" అని కింద బావ కంపెనీ పేరు. "ఒరేయ్, అమెరికా నా తరఫున కేసేస్తోందిరా," అన్నారు. గవర్నమెంట్ లాయరెవరూ రారనీ, ఖర్చంతా మనదేననీ ఆయనకీ తెలుసు. అయినా ఆ కాగితానికి ఫ్రేమ్ కట్టిస్తానన్నారు.

దావా వేయకుండానే ఫిబ్రవరిలో తేలింది. 54 వేలు. లేచిన పలకలకి, ఆలస్యానికి అని కొంత కోసేశారు. లాయర్ ఫీజు అందులోంచే పోయింది, ఎందుకంటే ఈ చట్టం కింద గెలిచినా లాయర్ ఖర్చులు మామూలుగా ఎదుటివాళ్ళ దగ్గర్నుంచి రావు. ఏడాది కార్డు వడ్డీ తీసేస్తే మిగిలింది ఎంతో బావ చెప్పలేదు, నేనూ అడగలేదు. వ్యాన్లు మాత్రం రెండూ ఉన్నాయి.

ఒకవేళ ఇది టెక్సాస్ రాష్ట్ర ప్రభుత్వ పని అయ్యుంటే నా లెక్క మొత్తం తప్పయ్యేది. రాష్ట్రాలకి వేరే చట్టాలున్నాయి, వాటిని లిటిల్ మిల్లర్ యాక్ట్‌లు అంటారు. టెక్సాస్‌లో 90 రోజులు కాదు. ఏ నెల పనికి ఆ నెల లెక్క, దాని తర్వాత వచ్చే మూడో నెల 15వ తేదీలోపు నోటీసు. ఒక స్కూల్ బిల్డింగ్‌కీ పక్కనే ఉన్న ఫెడరల్ ఆఫీసుకీ ఒకే టైల్ వేసినా గడువులు వేరు. నా కోడ్‌లో ఈ కండిషన్లు ఎంత పొడుగున్నాయో చూస్తే మీకు జాలేస్తుంది.

సెటిల్ అయిన రోజు రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మాది నరసరావుపేట దగ్గర. నాన్నకి ట్రాక్టర్ ఉండేది, కంకర, ఇసుక తోలేవాడు. 2009లో ఒక ప్రభుత్వ హాస్టల్ బిల్డింగ్‌కి తోలాడు. కాంట్రాక్టర్ కింద ఇంకో కాంట్రాక్టర్, అతని కింద నాన్న. అంటే సరిగ్గా బావ నిలబడ్డ మెట్టే. 3 లక్షల 40 వేలు రావాలి. ఆ మధ్యవాడు ఫోన్ మార్చేశాడు. నాన్న ఇంజినీర్ ఆఫీసు చుట్టూ తిరిగితే, "నీకూ మాకూ అగ్రిమెంట్ లేదు, వెళ్ళి నీ మనిషిని అడుక్కో" అన్నారు. ట్రాక్టర్ అమ్మేశాం. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. అది గేటు దాటి వెళ్తుంటే వెనక తొట్టిలో ఎక్కి కూర్చున్నానని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మన దగ్గర టెండర్ల డిపాజిట్, బ్యాంక్ గ్యారంటీ అన్నీ ఉంటాయి. పెద్ద కాంట్రాక్టర్ పని ఎగ్గొడితే ప్రభుత్వం ఆ గ్యారంటీ పట్టుకుంటుంది. అంటే మొదటి బాండ్ మనకీ ఉన్నట్టే. రెండోదే లేదు. కూలీలకైతే 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో, కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలని ఉండేది. ట్రాక్టర్‌తో కంకర తోలినవాడు కూలీ కాదు కదా. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో చిన్న సప్లయర్‌కి 45 రోజుల్లో కట్టాలనీ, లేకపోతే బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ అనీ రాశారు. రిజిస్ట్రేషన్ అనే మాట నాన్న వినను కూడా వినలేదు. విన్నా, ఫోన్ మార్చేసినవాడి మీద చక్రవడ్డీ వేసి ఏం లాభం? పట్టుకోవడానికి గట్టి చెయ్యి ఒకటి అవతల ఉండాలి.

బావ కథంతా చెప్పాను. నాన్న మధ్యలో ఆపలేదు. చివర్లో అడిగాడు.

"గవర్నమెంటుతో మీ బావకి అగ్రిమెంటు ఉందా?"

"లేదు నాన్నా."

"మరి ఆ ఆఫీసులో, నీకేంటి సంబంధం అని ఎవురూ అనలా?"

"అనలేదు. అడిగితే బాండ్ కాపీ ఇచ్చారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక అమ్మ ఎవరితోనో మాట్లాడుతున్న శబ్దం.

"నాన్నా, హాస్టల్‌కి ఆఖరి లోడు ఎప్పుడు తోలావు?"

"నవంబరు 14. రెండు ట్రిప్పులు." ఆలోచించకుండానే చెప్పాడు. "చీటీ ఉందిరా. ట్రంకు పెట్టెలో అన్నీ ఉన్నయ్."

పది నిమిషాలకి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం, మడతల దగ్గర పసుపురంగు. తేదీ ఉంది, ట్రాక్టర్ నంబరు ఉంది, "కంకర 2 ట్రిప్పులు ముట్టినవి" అని ఉంది, కింద సంతకం. ఎవరి దగ్గర్నుంచి ఎంత, ఎప్పుడు. నోటీసులో కావలసినవన్నీ ఉన్నాయి.